బ్లోయర్ ప్లేటు మీద 8,000 సీఎఫ్‌ఎం అని ఉన్నది, కిలోలల్ల ఎంత? డ్రయ్యర్ లెక్క కలుస్తలేదు

పరకాల_మిల్లు
అన్నలకు నమస్తే. పరకాల దిక్కు ఒక బాయిల్డ్ రైస్ మిల్లుల సూపర్‌వైజర్‌గ చేస్తాన. చదివింది ఐటీఐ, జర ఓపికతోని చదువుండ్రి.

వడ్లు ఎండబెట్టే మా ఎల్‌ఎస్‌యూ రకం డ్రయ్యర్ల బ్యాచ్‌కు 10 టన్నుల తడి వడ్లు పోస్తం. తేమ 32 శాతంతోని పోయి 14తోని దిగాలె. ఎండు సరుకు 6.8 టన్నులు, అది 14 శాతం తేమతోని 7.907 టన్నులయితది. అంటే గుంజాల్సిన నీళ్లు 2,093 కిలోలు. ఇందుల తప్పు లేదనుకుంట.

గాలి తోసే బ్లోయర్ ప్లేటు మీద 8,000 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి గన్ని ఘనపుటడుగుల గాలి. ఒక సీఎఫ్‌ఎం అంటే గంటకు 1.699 ఘనమీటర్లు. 8,000కు 13,592 ఘనమీటర్లు. ఘనమీటరు గాలి 1.2 కిలోలని ఎక్కడ చూసినా అదే ఉన్నది. కొట్టిన. గంటకు 16,310 కిలోలు వచ్చింది.

గాలి 85 డిగ్రీలతోని లోపలికి పోయి 45తోని బయటికొస్తది. కిలోకు 40.2 కిలోజౌళ్లు ఇడుస్తది. కిలో నీళ్లు ఆవిరి చేయనీకి నష్టాలతోని కలిపి 2,500 పట్టుకున్న. గంటకు 262 కిలోల నీళ్లు పోవాలె. 8 గంటలల్ల బ్యాచ్ దిగాలె.

దిగేది 10 గంటలకు. మధ్యల బిన్నుల ఆపే టైం తీసేసే చెప్తాన.

సేటేమో మోటర్ పోయింది, వైండింగ్ చేయించమంటాండు. ఆయన అనుమానానికి కారణం ఉన్నది. పొద్దుగాల స్విచ్ ఏస్తే 19 ఆంప్స్ దాక లాగుతది, స్టీం ఇడిశిన గంటకు 16కు పడిపోతది. 15 హెచ్‌పీ మోటర్, ప్లేటు మీద 21 ఆంప్స్. రోజూ గిదే కథ. ఎక్కడ తప్పింది?

కాకతీయ_కాల్వ
మోటర్‌కు కూడ మధ్యాహ్నం కునుకు పడుతాందేమో తమ్మీ. 😄

మెకానికల్_పోరడు
అన్నా, 1.2 అనేది 20 డిగ్రీలకు, సముద్రమట్టం దగ్గర ఉండే గాలికి. మనకు 20 డిగ్రీలు సంక్రాంతికి తెల్లారుజామున తప్ప ఎప్పుడుంటయ్? సాంద్రతకు ఫార్ములా: పీడనాన్ని 287తోని, కెల్విన్లల్ల ఉష్ణోగ్రతతోని (డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్లు) భాగించాలె. 30 డిగ్రీలకు 1,01,325 ÷ (287 × 303) = 1.165. దాంతోని కొడితే బ్యాచ్ 8 గంటల 10–15 నిమిషాలయితది. మిగతాది లీకేజీ అయ్యుంటది.

పరకాల_మిల్లు
తమ్మీ, రొండు గంటల తేడా వస్తాంటే పావుగంటకు కారణం చెప్పినవ్. గంత లీకేజీ ఉంటే మిల్లుల మనుషులం నిలబడలేం, దుమ్ముకు.

టర్బైన్_తాత
లెక్క పక్కన పెట్టండి. ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. బ్లోయర్ ఎక్కడుంది? గాలిని వేడిచేసే ఆవిరి రేడియేటర్‌కు ముందా, తర్వాతా?

పరకాల_మిల్లు
తర్వాత సార్. బయటి గాలి రేడియేటర్ల నుంచి గుంజుకొని డ్రయ్యర్‌లకు తోస్తది. బ్లోయర్ కేసింగ్ మీద చెయ్యి పెట్టలేం, కాలుతది.

టర్బైన్_తాత
చెయ్యి కాలుతుందన్నారు చూడండి, మీ రెండు గంటలు అక్కడే పోయాయి.

నేను థర్మల్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో ముప్పై ఏళ్లు చేసి దిగాను. ఫ్యాన్ల దగ్గర ప్రతి కొత్త కుర్రాడికీ మొదట చెప్పే సంగతి ఇది. ఫ్యాన్ గాలిని తూకం వేసి పంపదు, డబ్బాతో కొలిచి పంపుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇన్ని డబ్బాలు, అంతే. డబ్బాలో చల్లగాలి ఉందా వేడిగాలి ఉందా దానికి పట్టదు. వేడిగాలి పలచన కాబట్టి అదే డబ్బాలో తక్కువ కిలోలు పడతాయి.

మీ ఫ్యాన్ మింగుతున్నది 85 డిగ్రీల గాలిని. కాబట్టి సాంద్రత అక్కడిదే తీసుకోవాలి. పోరడు బయటి గాలిది తీసుకున్నాడు. సూత్రం సరైనదే, చోటు తప్పింది. ఇంకో చిన్న సంగతి, వరంగల్ ప్రాంతం సముద్రమట్టానికి రమారమి 270 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం 101 కాదు, దాదాపు 98 కిలోపాస్కళ్లు.

98,000 ÷ (287 × 358) = 0.953 కిలోలు.

13,592 × 0.953 అంటే గంటకు సుమారు 12,960 కిలోలు. మీరనుకున్న 16,310 కంటే ఐదో వంతు తక్కువ. ఇప్పుడు మీ లెక్కే మళ్లీ వేయండి. 12,960 × 40.2 ÷ 2,500 చేస్తే గంటకు 208 కిలోల నీళ్లు. 2,093ను 208తో భాగించండి.

పరకాల_మిల్లు
10 గంటల 4 నిమిషాలు. సార్…

కాకతీయ_కాల్వ
నా కునుకు థియరీ వాపస్ తీసుకుంటాన.

టర్బైన్_తాత
ఇంత చక్కగా కలవడంలో కొంత అదృష్టం కూడా ఉంది, మురిసిపోకండి. ఆ 2,500 మీరు అంచనాగా పట్టుకున్నదే కదా.

మోటర్ మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ 30 డిగ్రీల గాలిని మింగుతుంది. మన ఎత్తు దగ్గర దాని సాంద్రత 1.126. వేడెక్కాక 0.953. నిష్పత్తి 1.18. మీ ఆంప్స్ 19, 16. అదీ 1.18 పైచిలుకే. ఆంప్స్ అచ్చంగా లోడ్ ప్రకారమే తగ్గవు గానీ ఇక్కడ దారి తెలుస్తోంది. ఆరు నెలల నుంచి ఆ అమ్మీటర్ మీకు గాలి బరువు చెబుతూనే ఉంది, మీరు మోటర్ జబ్బు అనుకున్నారు.

మెకానికల్_పోరడు
సార్, రేడియేటర్ బయట 30 డిగ్రీల దగ్గర ఎంత గాలి పోతాందో అదే కదా లోపల 85 దగ్గర పోయేది? మరి 8,000 సీఎఫ్‌ఎం రొండు దగ్గరల ఎట్ల ఉంటది?

టర్బైన్_తాత
ఉండదు. కిలోలు రెండు చోట్లా ఒకటే, ఘనమీటర్లే మారతాయి. 12,960 కిలోలను 1.126తో భాగిస్తే 11,510 ఘనమీటర్లు, అంటే 6,770 సీఎఫ్‌ఎం. రేడియేటర్ మూతి దగ్గర కొలిస్తే మీకు కనపడాల్సింది అదీ. మా ఆయనకు అనుమానం ఉంటే ఎనిమోమీటర్ పట్టుకొచ్చి చూడమనండి.

సవరణ: "మీ సేటుకు" అని రాయబోయి "మా ఆయనకు" అని పడింది. మా ఇంటావిడ పక్కనే కూర్చుని నవ్వుతోంది.

గ్రానైట్_కరీంనగర్
మంచి ముచ్చట నడుస్తాంది, నాదొకటి అడుగుత. క్వారీల కంప్రెషర్ మీద 100 సీఎఫ్‌ఎం, 7 బార్ అని ఉంటది. గంటకు 170 ఘనమీటర్లు 7 బార్ గాలి వస్తదా? అట్లయితే డ్రిల్లింగ్ మెషిన్లు ఇంకో రొండు నడవాలె, నడుస్తలెవ్వు.

ఫ్యాన్ల_భాయ్
రాదు భాయ్. కంప్రెషర్ మీద రాసేది ఫ్రీ ఎయిర్ డెలివరీ, అంటే పీల్చేకాడి లెక్క. బయటి గాలిని 170 ఘనమీటర్లు పీల్చుకొని 7 బార్‌కు ఒత్తుతది. ఒత్తి, చల్లబడ్డంక అది 21 ఘనమీటర్లకు దిగుతది. కిలోలల్ల అయితే 35 డిగ్రీల గాలికి గంటకు 188. ఇక ఎండకాలం షెడ్డుల 45 డిగ్రీలుంటే ఇంకా తగ్గుతది. మీ క్వారీలల్ల కంప్రెషర్‌ను దాని వేడి దానికే తగిలేటట్టు రేకుల షెడ్డుల ఇరికిస్తరు, అది మొదలు మార్చుండ్రి.

పరకాల అన్నా, నేను ఫ్యాన్లు తయారు చేసేటోణ్ని, నీకు తర్వాత రాస్త. ఒక ఇంపెల్లర్ బ్యాలెన్సింగ్‌ల ఉన్న.

వానకాలం_రైతు
నాకు తెల్వక అడుగుతాన. వానకాలం గాలిల తేమ ఉంటది, తేమ అంటే నీళ్లు, గాలి బరువెక్కాలె కదా. మరి వానకాలం వడ్లకు డ్రయ్యర్ ఎక్కువ సేపు ఎందుకు తీసుకుంటది?

మెకానికల్_పోరడు
ఇది నేను చెప్త, ఈసారి తప్పు పోదు. తేమ గాలి తేలిక. నీటి ఆవిరి అణుభారం 18, గాలిది సగటున 29. ఆవిరి వచ్చి గాలి అణువులను తప్పించి ఆ జాగల కూసుంటది. 30 డిగ్రీల దగ్గర గాలి నిండ తేమ పట్టినా సాంద్రత సుమారు 1.6 శాతమే తగ్గుతది. టైం ఎక్కువ పట్టేది అందుకు కాదు, ముందుగాల్నే నీళ్లు తాగొచ్చిన గాలి వడ్ల నుంచి కొత్తగ తాగేది తక్కువ.

టర్బైన్_తాత
శెభాష్.

పాలకేంద్రం_అక్క
మీ గాలి లెక్కలు నాకు సగం అర్థమైనయ్. మా దగ్గర ఇదే పంచాయితీ పాలతోని నడిచింది. రైతులు తెచ్చిన పాలు కాంట మీద కిలోలల్ల తూస్తం, పైకి పంపే కాయితంల లీటర్లు రాయాలె. లీటరు పాలు 1.03 కిలోలు. కొత్తగ వచ్చిన పిలగాడు భాగించుడు మర్చి కిలోలనే లీటర్లని రాసిండు. 103 కిలోలు తూగితే 103 లీటర్లని. వారం దినాలు రోజుకు మూడు శాతం పాలు ఎటుపోయినయని మేము లొల్లి పెట్టుకున్నం. ఎటూ పోలేదు, కాయితంల ఎక్కువ పుట్టినయ్ అంతే.

కాకతీయ_కాల్వ
అక్కా, నీళ్లకైతే గా బాధ లేదు. కాల్వల ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు, కిలోలు కూడ గంతే. గంటకు 102 టన్నులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజు పారితే ఒక టీఎంసీ. ఎస్సారెస్పీ నీళ్లొచ్చే రోజులల్ల ఇదే నోటి లెక్క.

టర్బైన్_తాత
చన్నీళ్ల వరకు నిజం. బాయిలర్ ఫీడ్ నీళ్లు 80 డిగ్రీలుంటే ఘనమీటరు 972 కిలోలే, మూడు శాతం తేడా. దాన్ని వదిలేసినా కొంప మునగదు.

మునిగేది ఆవిరి దగ్గర. ఎనిమిది బార్ ఆవిరి ఘనమీటరు 4.16 కిలోలు, అయిదు బార్‌ది 2.67. రెండూ గేజీ మీద కనపడేవి కావు, వాతావరణ పీడనం కలిపి చెబుతున్నాను. ఆవిరి లైన్లో పెట్టే వోర్టెక్స్ మీటర్ కొలిచేది వేగాన్ని, అంటే ఘనమీటర్లను. ఎనిమిది బార్ సాంద్రతను అందులో కూర్చోబెట్టి, లైన్లో అయిదు బార్ నడిపితే, వంద టన్నుల ఆవిరి పోయినచోట 156 టన్నులని చూపిస్తుంది. చిల్లున్న పలక అడ్డం పెట్టి పీడనం తేడా కొలిచే ఆరిఫీస్ ప్లేటైతే అదే పరిస్థితిలో 125 చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ సాంద్రత వర్గమూలం కింద వస్తుంది. మీటర్ అబద్ధం చెప్పడం లేదు. దానికి మనం చెప్పిన పీడనం వేరు, పైపులో ఉన్నది వేరు. పీడనం, ఉష్ణోగ్రత రెండూ పక్కనే కొలిచి సవరించుకునే ఏర్పాటు లేకుండా ఆవిరి బిల్లు నమ్మకండి.

బయోమెడ్_హన్మకొండ
ఆసుపత్రుల ఆక్సిజన్ ప్లాంట్లల్ల కూడ ఇదే తిప్పలు. గాలి నుంచే ఆక్సిజన్ తీసే పీఎస్‌ఏ ప్లాంటు 1,000 ఎల్పీఎం, అంటే నిమిషానికి వెయ్యి లీటర్లు, రోజుకు 1,440 ఘనమీటర్లు. లిక్విడ్ ట్యాంకరు టన్నులల్ల వస్తది, ప్లాంటు లీటర్లల్ల చెప్తది, సిలిండర్లు నంబర్లల్ల రాసుకుంటరు. కోవిడ్ టైంల మూడింటిని ఒకే కాయితం మీద కలపాల్సొచ్చింది. ఘనమీటరు ఆక్సిజన్ 0 డిగ్రీలల్ల 1.429 కిలోలు, 20 డిగ్రీలల్ల 1.33. అంటే అదే ప్లాంటు రోజుకు 2,058 కిలోలు అనొచ్చు, 1,915 అనొచ్చు. పెద్ద సిలిండరు 7 ఘనమీటర్లది, పది కిలోలకు కొంచెం తక్కువ. 1,000 ఎల్పీఎం అని రాసినోళ్లు ఏ డిగ్రీలకు రాసిండ్రో అడగాలె. నేను అడిగితే "లీటర్ అంటే లీటరే కద సార్" అన్నరు.

మెకానికల్_పోరడు
గ్యాసు కొలతలల్ల నార్మల్ అంటే 0 డిగ్రీలు, స్టాండర్డ్ అంటే 25 కాదా సార్? మా ఇంటర్ కెమిస్ట్రీల ఎస్‌టీపీకి (స్టాండర్డ్ ఉష్ణోగ్రత, పీడనం) మోల్ 22.4 లీటర్లని చదివినం.

టర్బైన్_తాత
స్టాండర్డ్ అనేది ఎవరి ఇంట్లో వాళ్లకు వేరు, అదే పెద్ద చిక్కు. నార్మల్ ఘనమీటరు అంటే మామూలుగా 0 డిగ్రీలు, 1.01325 బార్. రసాయన శాస్త్రవేత్తల సంఘం ఐయూపాక్ 1982లో ఎస్‌టీపీ పీడనాన్ని 1 బార్‌కు మార్చింది, ఆ లెక్కన మోల్ 22.7 లీటర్లు. మన దేశంలో సహజవాయువు లెక్క చూసే స్టాండర్డ్ ఘనమీటరు 15 డిగ్రీలకు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీకి పైపులో వచ్చే గ్యాసు ఆ కొలతలోనే మాట్లాడతారు. అమెరికా సీఎఫ్‌ఎం కాగితాల్లో 60 ఫారన్‌హీట్ కనపడుతుంది, కొందరు 68 రాస్తారు. అందుకే ఆ మాట కనపడగానే ఎన్ని డిగ్రీలు, ఎంత పీడనం అని పక్కన రాయించుకోవాలి.

స్టాండర్డ్ ఘనమీటరు అన్నది పేరుకే ఘనపరిమాణం, నిజానికి అది మారువేషంలో ఉన్న కిలో. డిగ్రీలు, బార్లు కట్టేశాక సాంద్రత మారదు కదా.

పాలకేంద్రం_అక్క
అందుకేనా మరి గ్యాస్ బండ 14.2 కిలోలని అమ్ముతరు, లీటర్లని అమ్మరు?

బయోమెడ్_హన్మకొండ
అవునక్కా. బంకుల సీఎన్‌జీ కూడ కిలోలల్లనే పోస్తరు. ఆ పంపుల ఉండేది కొరియోలిస్ మీటర్. పైపును సన్నగ వణికిస్తది, లోపల పోయే గ్యాసు బరువును బట్టి ఆ వణుకు మెలిక పడుతది, ఆ మెలికను కొలుస్తది. సాంద్రత గొడవే లేదు. పక్క పంపుల పెట్రోల్ మాత్రం లీటర్లల్లనే, గందుకే డెన్సిటీ రాసి పెడ్తరు.

ఊక_సప్లయర్
పరకాల అన్నా, ఇంత చదువెందుకు. బ్లోయర్ పుల్లీ చిన్నది చేసి స్పీడ్ పెంచు, 18 శాతం గాలి పెరగాలంటే 18 శాతం ఎక్కువ తిప్పు. అయిపాయె.

ఫ్యాన్ల_భాయ్
అన్నా, ఆగు ఆగు! చెయ్యకుండ్రి!

స్పీడ్ 18 శాతం పెంచితే గాలి 18 శాతం పెరుగుతది, కరెక్టే. కానీ లోడ్ స్పీడ్‌కు మూడో ఘాతం ప్రకారం పెరుగుతది. 1.18ని మూడుసార్లు గుణించు, 1.64. వేడి మీద 16 లాగే మోటర్ 26 దాక పోతది. ప్లేటు మీద 21. పొద్దుగాల చల్లగాలితోని స్టార్ట్ చేస్తే ఇంకా పైకి. అప్పుడు సేటు చెప్పిన వైండింగ్ నిజంగనే చేయించాల్సొస్తది.

నా మాట ఏందంటే, బ్లోయర్‌ను రేడియేటర్‌కు ముందుకు తెచ్చి చల్లగాలి గుంజి రేడియేటర్ల నుంచి తోయించు. అదే ఫ్యాన్, అదే పుల్లీ, అదే స్పీడ్. డబ్బాల లెక్క అదే, డబ్బాల బరువు 18 శాతం ఎక్కువ. ఆంప్స్ 18–19 దగ్గర ఉంటయ్, అది మీ మోటర్ రోజూ పొద్దుగాల మోస్తున్నదే కాబట్టి భయం లేదు. బేరింగులకు వేడి తప్పుతది, గ్రీజు కరిగి కారుడు బంద్. రేడియేటర్ దాక డక్టు ఒక్కసారే వెడల్పు చెయ్యొద్దు, నిమ్మలంగ విచ్చుకోవాలె, లేకుంటే గాలి నడిమిట్లకెళ్లి దూసుకపోయి మూలల పైపులు ఉట్టిగనే ఉంటయ్.

ఒక నష్టం కూడ ఉన్నది. ఇప్పుడు సందులుంటే చల్లగాలి లోపలికొస్తది, అప్పుడు వేడిగాలి బయటికి పోతది. గ్యాస్కెట్లు మంచిగ వేయించు.

టర్బైన్_తాత
నూటికి నూరుపాళ్లు. ఒక్కటి చేర్చుతాను. 18 శాతం ఎక్కువ గాలిని 85కు ఎక్కించాలంటే ఆవిరి కూడా 18 శాతం ఎక్కువ కావాలి. బాయిలర్, రేడియేటర్ ఇవ్వగలవా చూసుకున్నాకే డక్టు కోయించండి.

పరకాల_మిల్లు
అందరికీ దండం. ఎనిమోమీటర్ తెలిసినాయన దగ్గర అడుక్కొచ్చి కొలిచిన. రేడియేటర్ మూతి 4 అడుగులు × 5 అడుగులు. ఇరువై చోట్ల పెట్టి సగటు తీస్తే సెకనుకు 1.7 మీటర్లు. 6,690 సీఎఫ్‌ఎం వచ్చింది. సార్ చెప్పింది 6,770. సేటుకు చూపిస్తే చాలసేపు ఏం మాట్లాడలే. తర్వాత "మరి ప్లేటు మీద 8,000 అని ఎందుకు రాసిండ్రు, మోసం కాదా" అన్నడు. అక్కడి నుంచి మళ్లీ మొదలు పెట్టి చెప్పిన.

ఫ్యాన్ల_భాయ్
మోసం కాదని చెప్పు అన్నా, నాలాంటోళ్ల పొట్టకొట్టకు. 😀

పరకాల_మిల్లు (మూడు వారాల తర్వాత)
సీజన్ మధ్యల ఆరు రోజులు ఖాళీ దొరికితే బ్లోయర్ ముందుకు మార్పించినం. ఫలితం రాస్తాన.

ఆంప్స్ 18.5. పొద్దుగాల అంతే, మధ్యాహ్నం అంతే. బ్లోయర్ కేసింగ్ మీద ఇప్పుడు చాయ్ గ్లాసు పెట్టుకుంటానం. బ్యాచ్ 10 గంటలది 9 గంటల 10 నిమిషాలకు దిగుతాంది. కానీ లెక్క ప్రకారం ఎనిమిదిన్నరకు దిగాలె కదా? గాలి 82 డిగ్రీలకు మించి ఎక్కుతలేదు. స్టీం హెడర్ మీద గేజీ 4 కిలోల ప్రెషర్ చూపిస్తాంది.

టర్బైన్_తాత
82 అన్నారు గనుక 9 గంటల 10 నిమిషాలు సబబే. గంటకు 15,310 కిలోల గాలి, 82 నుంచి 45 దాకా 37 డిగ్రీలు, వేసి చూడండి, నిమిషాల తేడాతో కలుస్తుంది. లోటు గాలి దగ్గర లేదు, ఆవిరి దగ్గర ఉంది. నేను భయపడింది ఇదే.

30 నుంచి 82కు ఎక్కించడానికి మీ గేజీ పీడనంలో గంటకు దాదాపు 380 కిలోల ఆవిరి రేడియేటర్లో చల్లబడి నీళ్లు కావాలి. 85 కావాలంటే 400. ఆ నీళ్లు ట్రాప్ (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రం వదిలే కవాటం) నుంచి బయటికి వస్తాయి కదా, వాటిని పట్టండి. నిమిషానికి 6 కిలోల 300 గ్రాములు రావాలి. అంత వచ్చి కూడా 82 దాటకపోతే రేడియేటర్ శక్తి అంతే, ఫిన్నుల్లో దుమ్ము కడగండి. తక్కువ వస్తే ట్రాప్ బిగుసుకుని లోపల నీళ్లు నిలిచినట్టు, అప్పుడు కింది వరస పైపులు ముట్టుకుంటే చల్లగా తగులుతాయి.

లీటర్ల డబ్బాతో పట్టకండి. ఒత్తిడి తగ్గగానే కొన్ని నీళ్లు ఆవిరై ఎగిరిపోతాయి. డ్రమ్ములో ముందే సగం చన్నీళ్లు పోసి, తూచి, పైపు మూతి నీళ్లలో ముంచి అయిదు నిమిషాలు పట్టి మళ్లీ తూచండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, మొహం దూరం పెట్టండి.

పరకాల_మిల్లు
వడ్ల బస్తాలు తూసే కాంట ఉన్నది సార్, మొన్ననే ముద్ర ఏయించినం. రేపు పొద్దుగాల షిఫ్టుల డ్రమ్ము పెడ్త. కింది వరస పైపులు ఇప్పుడే పోయి ముట్టుకొని వచ్చిన. రొండు చల్లగ ఉన్నయ్.